వక్కపొడి, బుగ్గలో సూదులు, ఎనిమిది గురువారాలు

పానీపూరీ నోట్లో పట్టకపోవడంతో మొదలైంది ఇదంతా. 2024 ఏప్రిల్‌లో మా పాప పుట్టినరోజు సాయంత్రం బండి దగ్గర నిలబడ్డాం. ఏడేళ్ల పిల్ల టకటకా మింగేస్తోంది. నా నోట్లోకి మాత్రం పూరీ సగం కూడా పోవడం లేదు. పళ్లకు తగిలి చిట్లి నీళ్లన్నీ చొక్కా మీద పడ్డాయి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కారం తింటే నోరు మండడం మాత్రం అంతకు రెండేళ్ల ముందు నుంచే ఉంది. వేడి చేసిందనుకుని బి కాంప్లెక్స్ మాత్రలు మింగుతూ నెట్టుకొచ్చాను. మే నెలలో కొత్తావకాయ కలిపిన మొదటి ముద్దకే కళ్లల్లో నీళ్లు తిరిగి, పళ్లెం పక్కకు నెట్టేశాను. ఆ రోజు మా ఆవిడ నవ్వలేదు. "ముందు డాక్టరుకు చూపించుకోండి, తర్వాతే మిల్లుకు పొండి" అంది.

మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. సీజన్‌లో వడ్ల లారీలు రాత్రి రెండింటికీ మూడింటికీ దిగుతాయి, కాటా చీటీలు రాస్తూ కూర్చోవాలి. నిద్ర ఆపుకోవడానికి తీపి వక్కపొడి ప్యాకెట్లు అలవాటయ్యాయి. రోజుకు ఎనిమిది, పది. తొమ్మిదేళ్లు. గుట్కా ముట్టలేదు, ఖైనీ ముట్టలేదు, సిగరెట్ కూడా లేదు. అందుకే నాకేం కాదని ధీమాగా ఉండేవాణ్ని.

జూన్ 10, సోమవారం. నల్గొండలో బస్సు మారి ఓ డెంటల్ కాలేజీ ఆసుపత్రికి వెళ్లాను. కార్డుకు 30 రూపాయలు, వరుసలో గంటన్నర. పీజీ చదివే అమ్మాయి కుర్చీలో పడుకోబెట్టి లైటు వేసింది.

"నోరు తెరవండన్నా."

"తెరిచాను మేడం."

"ఇంకా తెరవండి."

"ఇంతే మేడం."

ఆమె చిన్న స్కేలు పెట్టి పై పంటికీ కింది పంటికీ మధ్య కొలిచింది. 24 మిల్లీమీటర్లు. మామూలుగా ఎవరి నోట్లోనైనా వాళ్ల వేళ్లు మూడు నిలువుగా పట్టాలట. నాకు ఒకటి పట్టింది, రెండోది సగం దాకా వెళ్లి ఆగింది. నా చేతే బుగ్గ లోపల తడిమించింది. మెత్తగా ఉండాల్సిన చోట నిలువుగా తాళ్లు లాగి కట్టినట్టుంది. అద్దంలో చూపించింది, ఎర్రగా ఉండాల్సిన బుగ్గ పాలిపోయి సున్నం వేసిన గోడలా ఉంది. ఏం నములుతారని అడిగింది. "ఏం లేదు మేడం, ఉట్టి వక్కపొడే" అన్నాను. ఆమె పక్కనున్న స్టూడెంట్ వైపు చూసి, "ఆ ఉట్టిదే చాలన్నా" అంది.

జబ్బు పేరు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, అంటే నోటి లోపలి పొర కింద నారలాంటిది పేరుకుని గట్టిపడిపోవడం. పొగాకు లేకుండా వక్క ఒక్కటే దీన్ని తెచ్చిపెడుతుంది. క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ 2004లోనే వక్కను క్యాన్సర్ తెచ్చే వాటి జాబితాలో పెట్టిందట. పెళ్లిళ్లలో తాంబూలంలో పెట్టి చేతికిచ్చే దాన్ని అంతగా అనుమానించాలని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదేమో.

రక్త పరీక్షలకు 400, బయాప్సీకి 600. జూన్ 12న బుగ్గలోంచి పప్పు గింజంత ముక్క తీసి రెండు కుట్లు వేశారు. నొప్పి పెద్దగా లేదు. నరకం అంతా రిపోర్టు వచ్చేదాకా గడిచిన ఎనిమిది రోజులే. రాత్రిళ్లు పక్కకు తిరిగి పడుకుని ఫోన్ వెలుగు తగ్గించుకుని ఏవేవో ఫొటోలు చూసేవాణ్ని. మూడో రాత్రి మా ఆవిడ ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. జూన్ 20న కుట్లు విప్పడానికి పోయినప్పుడే రిపోర్టు చేతికిచ్చారు. క్యాన్సర్ మార్పులు ప్రస్తుతానికి లేవు. ప్రొఫెసర్ గారు ఆ "ప్రస్తుతానికి" అన్న మాటను రెండుసార్లు అన్నారు. గట్టిపడింది పూర్తిగా మామూలు కాదనీ, వక్క మానేస్తే ముదరకుండా ఆగుతుందనీ, జీవితాంతం చూపించుకుంటూ ఉండాలనీ చెప్పారు. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు రెండు బుగ్గల్లోనూ సూదిమందు ఇస్తామన్నారు. "ఇవాళే మొదలుపెడదాం, ఇవి తెచ్చుకోండి" అంటూ చీటీ ఇచ్చారు.

చీటీలో మూడు పేర్లున్నాయి. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, మత్తుకు లిగ్నోకెయిన్, ఇంకోటి హయాలురోనిడేజ్ అనే ఎంజైమ్, 1500 యూనిట్లు. మొదటి రెండూ గేటు ఎదుటి మెడికల్ షాపులోనే దొరికాయి. మూడోది అక్కడ లేదు, పక్క షాపులోనూ లేదు. నల్గొండ బస్టాండు వైపు ఆటోలో పోయి నాలుగు షాపులు తిరిగాను. నాలుగో షాపాయన చీటీ చూసి, "కంటి ఆపరేషన్ ఎవలకు సారూ?" అన్నాడు. నాకర్థం కాలేదు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు కంటి పక్కన ఇచ్చే మత్తులో దీన్ని కలుపుతారట, అందుకే కంటి ఆసుపత్రుల దగ్గరి షాపుల్లోనే ఎక్కువగా ఉంటుందట. చిరునామా చెప్పాడు, వెళ్లేసరికి మధ్యాహ్నం రెండున్నర. మందు దొరికింది కానీ ఓపీ అయిపోయింది. ఒక వారం అలా పోయింది. మీ చీటీలో ఈ పేరుంటే మామూలు మెడికల్ షాపుల చుట్టూ తిరగకండి, కంటి ఆసుపత్రి పక్కకు వెళ్లండి.

ఇంకో సంగతి. ఇది ఫ్రిజ్‌లో ఉండాల్సిన మందు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య. షాపాయన కాగితం కవర్లో వేసిస్తే జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. మరుసటి గురువారం మళ్లీ జేబులోనే పెట్టుకుని బస్సెక్కాను. ఇంజెక్షన్ గది దగ్గర ఉండే అటెండరమ్మ చేతిలోకి తీసుకుని చూసి, "గిట్ల తెస్తరా అన్నా? ఐస్ పెట్టించుకోవాలె గదా!" అని గదిమింది. పీజీ డాక్టరు అది పక్కన పెట్టి వాళ్ల దగ్గరున్న దాంతో ఆ రోజుకు సర్దింది. తర్వాతి వారం నుంచి స్టీలు టిఫిన్ డబ్బాలో ఐస్ ముక్కలు వేసి, మందును ప్లాస్టిక్ కవర్లో చుట్టి తీసుకుపోయేవాణ్ని. కండక్టరు ఓసారి "చేపలా సారూ?" అని అడిగాడు.

జూన్ 27, మొదటి సూది. ముందుగా మోచేతి దగ్గర చర్మంలోకి చుక్కంత మందు ఎక్కించి అరగంట కూర్చోబెట్టారు, పడుతుందో లేదో చూడడానికి. అప్పుడొక ప్రశ్న అడిగింది డాక్టరు. "ఎప్పుడైనా తేనెటీగో కందిరీగో కుడితే ఒళ్లంతా దద్దుర్లు రావడం, ఊపిరాడకపోవడం లాంటివి అయ్యాయా?" నాకు నవ్వొచ్చింది. నోటి జబ్బుకూ తేనెటీగకూ ఏం సంబంధం? ఉందట. తేనెటీగ విషంలో కూడా ఇదే రకం ఎంజైమ్ ఉంటుంది, విషం ఒంట్లో గబగబా పాకడానికి అదొక కారణం. ఆ విషం పడనివాళ్లకు ఈ మందూ పడకపోవచ్చు. నన్ను చిన్నప్పుడు చింతచెట్టు దగ్గర కుట్టింది, వాపు తప్ప ఏమీ కాలేదని చెప్పాను. నా తర్వాతి వరుసలో ఉన్న పెద్దాయనైతే మందు దేంతో చేస్తారో అడిగి మరీ తెలుసుకున్నాడు. కొన్ని రకాలు గొర్రె, ఎద్దు వృషణాల నుంచి తీసినవే అని చెబితే కాసేపు మాట్లాడలేదు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగడం మంచిది.

చేతి మీద దద్దు రాలేదు. కుర్చీలో కూర్చోబెట్టి నా కళ్లెదుటే మందు కలిపింది. హయాలురోనిడేజ్ ఉన్న ఆంప్యూల్, అదే ఆ చిన్న గాజు సీసా, అడుగున చిటికెడు తెల్లటి పొడి, అంతే. ముగ్గు వేశాక వేళ్లకు మిగిలినంత. దీని కోసమా ఇంత తిరిగాను అనిపించింది. లిగ్నోకెయిన్ పోయగానే ఊపకుండానే కరిగిపోయి నీళ్లలా అయింది. దాంట్లో డెక్సా కలిపి సన్నటి సూదికి ఎక్కించింది.

అప్పుడడిగాను, జబ్బుకు మందు స్టెరాయిడ్ అయితే ఈ పొడి ఎందుకని. తీరిక చేసుకుని చెప్పింది. మన కండలో కణాల మధ్య జిగురులాంటి పదార్థం నిండి ఉంటుంది. ఉట్టి మందు ఎక్కిస్తే అక్కడే గడ్డలా నిలబడిపోతుంది. ఈ ఎంజైమ్ ఆ జిగురును పలచబరిచి దారి తీస్తుంది, వెనకాలే మందు అన్ని మూలలకూ పారుతుంది. బుగ్గలో ఆ గట్టిదనాన్ని కొంత మెత్తబరచడానికీ ఇదే పనికొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆ జిగురు మళ్లీ పేరుకుంటుంది, అందుకే వారం వారం రావాలి. మా నాన్న పొలానికి నీళ్లు పెట్టేటప్పుడు పారతో గట్టు తెగ్గొట్టి, మడి నిండాక మళ్లీ మట్టి వేసేసేవాడు. నాకు అదే కళ్ల ముందు మెదిలింది. హైదరాబాద్‌లో మా చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ మందును సెలైన్‌లో కాకుండా తొడ చర్మం కింద ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తున్నారు. అందులోనూ ఇలాంటి ఎంజైమే ఉంటుందని తర్వాత తెలిసింది.

ఇక నొప్పి సంగతి. ఒక్కో బుగ్గలో ఒకే చోట కాదు, నాలుగైదు చోట్ల కొంచెం కొంచెంగా ఇస్తారు. మొదటి గుచ్చు చురుక్కుమంది. రెండో గుచ్చుకు బిగుసుకున్న బుగ్గలోకి మందు తోస్తుంటే లోపల్నుంచి ఎవరో పిడికిలితో నొక్కినట్టు అయింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. మూడో గుచ్చుకల్లా మత్తెక్కింది, ఆ తర్వాతవి లెక్కపెట్టలేదు. రెండు బుగ్గలూ కలిపి పది నిమిషాలు. బయటికొచ్చి అద్దంలో చూసుకుంటే రెండు బుగ్గల్లోనూ లడ్డూలు కుక్కుకున్నవాడిలా ఉన్నాను.

నన్ను బాగా దెబ్బతీసింది వేరే. పన్ను పీకించుకున్నప్పుడు మత్తు సాయంత్రం దాకా ఉంది కాబట్టి ఇప్పుడూ అలాగే ఉంటుంది, ఇంటికి చేరేదాకా ఢోకా లేదనుకున్నాను. గంట తిరిగేసరికి, నల్గొండ బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగానే మత్తు పోయి సలపరం మొదలైంది. ఈ ఎంజైమ్ మత్తుమందును కూడా గబగబా పారిస్తుంది కాబట్టి తొందరగా ఎక్కి తొందరగా దిగుతుందట. ఆ సంగతి రెండో వారం అడిగితేగానీ చెప్పలేదు. అప్పటి నుంచి డాక్టరు రాసిన నొప్పి మాత్ర ఆసుపత్రి మెట్లు దిగుతూనే వేసుకునేవాణ్ని. ఆ మొదటి రోజు ఆకలికి ఆగలేక మత్తు ఉన్నప్పుడే క్యాంటీన్‌లో ఇడ్లీ తిని బుగ్గ కొరుక్కున్నాను. నెత్తురు వచ్చిందని కూడా తెలియలేదు, ఇడ్లీ ఎర్రగా అయితే తెలిసింది.

జూలై 4, 11, 18. మూడో సూది తర్వాత కొలిస్తే 25 మిల్లీమీటర్లు. మూడు వారాలకు ఒక్క మిల్లీమీటరు! మనసు చచ్చిపోయింది. అయితే మంట తగ్గిందన్నది అప్పుడే గమనించాను, పెరుగన్నంలో మిరపకాయ నంజుకోగలిగాను. ఆ నెలలోనే ఇంకో ఇబ్బంది. నాకు సుగర్ అంచున ఉంది. పరగడుపున 115 ఉండేది కాస్తా సూది వేయించుకున్న మర్నాడు 150 దాటింది. మందు ఇచ్చేది బుగ్గలోనే అయినా స్టెరాయిడ్ స్టెరాయిడే కదా. రెండు రోజుల్లో దానంతటదే దిగేది. గురువారం రాత్రి నిద్ర పట్టకపోవడం, అర్ధరాత్రి ఆకలి వేయడం కూడా దాని పనే. సుగర్, బీపీ ఉన్నవాళ్లు మొదటి రోజే చెప్పాలి, నేనైతే వాళ్లు అడిగేదాకా చెప్పలేదు. జలుబు చేసి మాత్రలేవో వేసుకుంటే అదీ చెప్పమన్నారు. జలుబుకు వాడే కొన్ని మాత్రలు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ వాడుతుంటే ఈ ఎంజైమ్ పని కొంత మందగిస్తుందట.

జూలై 25న మా డాక్టరు సెలవులో ఉంది. ఎవరో కొత్త కుర్రాడు వచ్చాడు. తొందరలో ఉన్నాడో, చేతులు తిరగలేదో, ఎడమ బుగ్గలో మొత్తం మందును రెండే చోట్ల తోసేశాడు. నోట్లో దూది ఉంది, చెప్పబోతే మాట రాలేదు. అక్కడ శనగగింజంత పుండు పడి పది రోజులు మాడ్చింది. మరుసటి వారం మా డాక్టరు చూసి పెదవి కొరుక్కుంది. ఏమీ అనలేదు, ఆ వారం ఎడమవైపు సగం మందే ఇచ్చింది. తర్వాత నేను కూర్చోగానే, "కొంచెం కొంచెంగా ఇవ్వండి మేడం" అని ముందే అడిగేవాణ్ని. అడగడంలో సిగ్గేముంది, బుగ్గ మనది.

నిజానికి నోరు తెరిపించింది సూది ఒక్కటే కాదు. ఐస్‌క్రీమ్ పుల్లలు. ఒక కట్ట కొనుక్కొమ్మన్నారు. పుల్లల మీద పుల్లలు పేర్చి ముందు పళ్ల మధ్య పెట్టుకుని ఐదు నిమిషాలు ఉంచాలి, రోజుకు నాలుగైదు సార్లు. పుల్ల మందం రెండు మిల్లీమీటర్లు. పదకొండుతో మొదలుపెట్టాను. పన్నెండోది మధ్యలోకి దూర్చడానికి పట్టిన వారం రోజులు నాకు సూది కంటే ఎక్కువ బాధ. దవడ కీలు దగ్గర సలుపు, చొంగ చొక్కా మీదికి కారుతుంది, మాట్లాడడానికి లేదు. మిల్లులో లెడ్జర్ ముందు నోట్లో పుల్లలతో కూర్చుంటే హమాలీలు గుమిగూడి చూసేవాళ్లు. మొదట్లో నేను సూది పడ్డ రోజు, మర్నాడు నొప్పిగా ఉందని మానేసేవాణ్ని. డాక్టరు కోప్పడింది. దారి తెరిచి ఉండేదే ఆ రెండు రోజులు, అప్పుడు సాగదీయకపోతే ఎప్పుడు సాగదీస్తారని. నా మొదటి మూడు వారాలు ఎందుకు వృథా అయ్యాయో అప్పుడర్థమైంది. బుగ్గలు సాగడానికి బుడగలు ఊదడం కూడా చెప్పారు. మొదటి బుడగ నా వల్ల కాలేదు, గాలంతా పెదవుల పక్క నుంచి పోయింది. మా పాప "నువ్వు పట్టుకో నాన్నా, నేను ఊదుతా" అని లాక్కుంది.

ఆగస్టు 1న 28, 8న 30. ఆగస్టు 15 కూడా గురువారమే. ముందు రోజు సాయంత్రం మిల్లు గేటుకు జెండా కర్ర కడుతుంటే తట్టింది, రేపు ఓపీ ఉండదని. ఫ్రిజ్‌లో మందు తెచ్చి పెట్టుకున్నాను, కంగారు పడ్డాను. తేదీ దాటలేదు, చల్లగానే ఉంది కాబట్టి మరుసటి వారం వాడుకోవచ్చన్నారు. కానీ ఆ వారమే అసలు పరీక్ష. 16న వరలక్ష్మీ వ్రతం. వాయనాలకని మా ఆవిడ తమలపాకులు, వక్కలు పళ్లాల నిండా పేర్చింది. మానేసి అరవై రోజులు దాటింది. అయినా ఆ వాసనకు నాలుక కింద నీళ్లూరాయి. పెరట్లోకి పోయి, నోట్లో పద్నాలుగు పుల్లలు పెట్టుకుని, ముత్తైదువలంతా వెళ్లిపోయేదాకా అరుగు మీద కూర్చున్నాను. మిగిలిన వక్కల్ని ఆవిడ నాకు కనపడకుండా ఎక్కడ పారేసిందో అడగలేదు.

ఆగస్టు 22న ఎనిమిదో సూది. 31 మిల్లీమీటర్లు. ఇంకో నాలుగు ఇవ్వకూడదా అనడిగాను, ఆశ కదా. స్టెరాయిడ్ అదేపనిగా పొడిస్తే బుగ్గ పలచబడుతుందనీ, ఇక పుల్లలే మందనీ అన్నారు. సెప్టెంబరు 26న మళ్లీ వెళ్తే 33.

ఖర్చు లెక్క అడిగేవాళ్లుంటారు. కార్డు, పరీక్షలు, బయాప్సీ కలిపి 1,030. సూదిమందులు వారానికి దాదాపు 350 చొప్పున 2,800. మూడు నెలలు మింగిన లైకోపీన్ (టమాటాల్లో ఉండే ఎర్రరంగు పదార్థం) గొట్టం మాత్రలకు 1,400. సూది వేసినందుకు కాలేజీలో ఏమీ తీసుకోలేదు. పన్నెండుసార్లు బస్సులు, తిండి కలిపి 3,000 దాకా. మొత్తం మీద 8,000 దాటింది, మిల్లులో కోసిన జీతం వేరే. వక్కపొడి మీద తొమ్మిదేళ్లలో పెట్టింది మా ఆవిడ కాగితం మీద లెక్కవేసింది. ఆ కాగితం ఇక్కడ చూపించను.

ఇప్పుడు ఆరు నెలలకోసారి చూపించుకుంటున్నాను. కొత్తావకాయ నెయ్యి ఎక్కువ వేసుకుని తింటున్నాను. పుల్లలు పదహారు పడుతున్నాయి. పదిహేడోది ఇంకా దూరడం లేదు.